సాక్ష్యం చెప్పమంటే చెప్పడానికి ఏమీ లేదు. క్రైస్తవ ఇంట్లో పుట్టి పెరిగినవాళ్లు మాట్లాడండి

మూడోతరం
మా యూత్ లీడర్ అన్న వచ్చే నెల కూడికలో నన్ను సాక్ష్యం, అంటే దేవుణ్ణి ఎలా నమ్ముకున్నానో, చెప్పమన్నారు. పది రోజులుగా కాగితం ముందు పెట్టుకుని కూర్చుంటున్నా, ఒక్క ముక్క రాలేదు. పోయినసారి చెప్పిన తమ్ముడు తాగుడు మానేసిన సంగతి చెప్పి అందరినీ ఏడిపించాడు. అంతకుముందు ఒక అక్క, నమ్ముకున్నందుకు ఇల్లు వదలాల్సి వచ్చిన రోజు గురించి చెప్పింది. నాకేముంది? మాది రేపల్లె దగ్గర పల్లెటూరు. తాతయ్య సంఘ పెద్ద, నాన్న సంఘ పెద్ద. నేను నడక నేర్చిందే గుడి చాపల మీద. సండే స్కూల్లో కంఠత వాక్యాలకు ఏటా స్టీలు గిన్నె బహుమతి వచ్చేది, ఇంట్లో ఇప్పటికీ ఆ గిన్నెల్లోనే పెరుగు తోడేస్తారు. పద్నాలుగేళ్లకు బాప్తిస్మం. ఎందుకంటే ఆ వేసవిలో మా ఈడు పిల్లలందరి పేర్లూ రాసుకున్నారు, వాటితో పాటు నాదీ రాశారు. కాలువలో దిగేటప్పుడు నా మనసులో ఉన్నది ఒక్కటే, నీళ్లు చల్లగా ఉన్నాయని.

అసలు భయపెట్టింది ఇవేవీ కాదు. పోయిన నెల ఇంటికెళ్లినప్పుడు రాత్రి కుటుంబ ప్రార్థనలో నాన్న నన్ను ప్రార్థించమన్నారు. మొదలుపెట్టాను. మధ్యలో మనసు ఆఫీసులో ఆగిపోయిన పని మీదికి పోయింది, దాన్ని ఎలా సరిచేయాలో దాదాపు తేల్చేశాను కూడా. తేరుకుని చూస్తే నోరు ఇంకా ప్రార్థిస్తూనే ఉంది! ఎక్కడా తడబడలేదు. ఆమేన్ అన్నాక అమ్మ కళ్లు తుడుచుకుని "ఎంత బాగా ప్రార్థించావు నాన్నా" అంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేను లేకుండానే నా ప్రార్థన జరిగిపోతోందంటే, అసలు నేను ఎప్పుడైనా అందులో ఉన్నానా?

కొబ్బరాకు
చదువుతుంటే నేనే రాశానేమో అనిపించింది. ఊరి పేరు మారిస్తే చాలు.

అనపర్తి_అక్క
ఆ ప్రార్థన నాకూ మొత్తం వచ్చు. ఈ దినమంతా కంటిపాపలా కాచిన తండ్రీ అని మొదలవుతుంది, తర్వాత ప్రయాణాల్లో ఉన్నవాళ్లు, పడకల మీద ఉన్న రోగులు, విధవరాండ్రు, అనాథలు, దేశ నాయకులు. వరుస తప్పదు. మా చిన్నోడు అయిదేళ్లకే దేశ నాయకుల కోసం ప్రార్థించేవాడు, ఆ నాయకులు ఎవరో వాడికి తెలియదు పాపం.

సువార్త_బాట
ఒక్కటే మాట తమ్ముడూ. దేవునికి కొడుకులూ కూతుళ్లే ఉంటారు, మనవళ్లు ఉండరు. నీకు ఇంకా మారుమనస్సు కలగలేదు. ఈ రాత్రే మోకాళ్ల మీద కూర్చుని తేల్చుకో.

పాస్టరుగారబ్బాయి
పైన అన్న చెప్పిన మనవళ్ల మాట నేను చాలాసార్లు విన్నాను. పదేళ్లప్పుడు విన్నా, పన్నెండేళ్లప్పుడు విన్నా, విన్న ప్రతిసారీ ముందుకెళ్లి మోకరించా. వీబీఎస్ (వేసవి సెలవుల బైబిల్ బడి) చివరి రోజున చెయ్యెత్తా, యూత్ క్యాంపు ఆఖరి రాత్రి చెయ్యెత్తా. లెక్కేస్తే ఏడుసార్లు రక్షణ పొందాను. ప్రతిసారీ నిజంగానే ఏడ్చాను, అది నటన కాదు. ప్రతిసారీ పదిహేను రోజులకు మామూలే, పైగా ఇంతకుముందు చేసినది అబద్ధమా అన్న భయం ఒకటి తోడయ్యేది. ఒక్క రాత్రిలో తేలేది కాదని ఏడోసారి తర్వాత అర్థమైంది.

మా నాన్నగారు పల్లెటూరి పాస్టరు. ఊళ్లో నా పేరు ఎవరికీ తెలియదు, పాస్టరుగారబ్బాయి అంతే. జుట్టు కొంచెం పెంచితే సంఘ పెద్దలు నాన్నను అడిగేవారు. పదో తరగతిలో మార్కులు తగ్గితే ప్రార్థన తగ్గిందన్నారు. మీరంతా గుడిని ముందు నుంచి చూశారు, మేం వంటింట్లోంచి చూశాం. కానుకల పెట్టెలో ఎంత పడిందో, దాన్నిబట్టి ఆ వారం కూర ఏమిటో మాకు తెలిసేది. శనివారం రాత్రి కమిటీలో నాన్నను నానా మాటలన్న పెద్దమనిషి ఆదివారం పొద్దున ప్రభువు బల్ల దగ్గర నా పక్కనే నిలబడేవాడు. నాన్న ఒక్క మాట అనకుండా ఆయన చేతిలోనూ రొట్టె పెట్టేవారు. అది పిరికితనం అనుకునేవాణ్ణి. ఇంజనీరింగ్ హాస్టల్‌కు వెళ్లాక ఆరేళ్లు గుడి గడప తొక్కలేదు. ఫోన్లో "ఆరాధనకు వెళ్లావా" అంటే "వెళ్లాను" అని అబద్ధం చెప్పేవాణ్ణి.

తిరిగి ఎలా వచ్చానో చెప్పడం కష్టం. ఉద్యోగంలో ఒకడు నన్ను అందరి ముందూ అవమానించాడు. మర్నాడు క్యాంటీన్‌లో వాడు పక్కన కూర్చుంటే నేను మంచినీళ్ల జగ్గు కూడా వాడి వైపు జరపలేకపోయా. అప్పుడు నాన్న చెయ్యి గుర్తొచ్చింది. ఆ రొట్టె పెట్టడానికి ఎంత బలం కావాలో ఆ రోజు తెలిసింది. అంతే, వెలుగేమీ కనబడలేదు, కన్నీళ్లు కూడా రాలేదు.

కొబ్బరాకు
అన్నా, ఈ మాటే సాక్ష్యంగా చెప్పొచ్చు కదా.

పాస్టరుగారబ్బాయి
నాన్న ముందు కూర్చుని వింటుంటే చెప్పలేను. అందుకే ఇక్కడ రాశా.

టీచరమ్మ_31
31 ఏళ్లుగా సండే స్కూల్ చెబుతున్నాను. మూడోతరం బాబూ, సమూయేలు మొదటి గ్రంథం మూడో అధ్యాయం ఏడో వచనం తీసి చూడు. అప్పటికి సమూయేలు యెహోవాను ఎరుగలేదని రాసి ఉంటుంది. ఎలాంటి పిల్లాడు? పుట్టకముందే తల్లి మొక్కుకుని దేవునికి ఇచ్చేసిన పిల్లాడు. మందిరంలోనే పడక, పొద్దున లేచి మందిరం తలుపులు తీసేది వాడే. ఏఫోదు, అంటే యాజకులు వేసుకునే వస్త్రం, వేసుకుని సేవ చేసేవాడు. అయినా ఎరుగలేదు. దాన్ని ఎక్కడా వాడి పాపంగా రాయలేదు చూడు.

మూడుసార్లు పిలుపు వస్తే మూడుసార్లూ ముసలి యాజకుడు ఏలీ దగ్గరికే పరుగెత్తాడు. ఎందుకంటే వాడికి తెలిసిన గొంతు అదే. ఇంట్లో పెరిగిన పిల్లలకు దేవుని పిలుపు మొదట్లో అమ్మ గొంతులానో నాన్న గొంతులానో వినబడుతుంది. ఏలీలో ఎన్ని తప్పులున్నా ఒక మంచి పని చేశాడు, పిలిచింది నేను కాదు, వెళ్లి పడుకో, మళ్లీ పిలిస్తే ఆయనకే జవాబు చెప్పు అన్నాడు. మా తరం పెద్దవాళ్లం ఆ ఒక్క మాట మీకు చెప్పలేదు. మేం పిలిచినప్పుడల్లా మీరు వస్తుంటే అదే చాలనుకున్నాం. నేనూ అనుకున్నాను. బహుమతి గిన్నెలు కొనేది నేనే కదా.

అలాగని కంఠత వాక్యాలు వృథా అని మాత్రం ఎవరూ అనొద్దు. 2021లో కోవిడ్ వార్డులో పడున్న నా పాత విద్యార్థి ఒకడు, గుడి మానేసి పదేళ్లయినవాడు, రాత్రి ఊపిరి ఆడనప్పుడు 23వ కీర్తన దానంతటదే నోటికొచ్చిందని ఫోన్ చేసి చెప్పాడు. నువ్వు లేకుండా నీ నోరు ప్రార్థించిందని భయపడుతున్నావు. ఏదో ఒక రోజు నువ్వు ప్రార్థించలేని స్థితిలో ఉన్నప్పుడు ఆ నోరే నిన్ను మోస్తుందేమో.

మూడోతరం
అమ్మా, ఏలీ సంగతి ఇలా ఎప్పుడూ ఆలోచించలేదు. నాటకంలో నేను రెండుసార్లు సమూయేలు వేషం వేశాను కూడా.

నిజం_చెప్పాలంటే
నేను ఇప్పుడు నమ్మను, ముందే చెప్పేస్తున్నా. వాదించడానికి రాలేదు. మీ టీచరమ్మగారు చెప్పింది బావుంది గానీ ఒక ప్రశ్న. పిల్లాడు నిజంగా వెతికి, లేదు నాకు ఏ గొంతూ వినబడలేదు అంటే అప్పుడు ఇంట్లో చోటు ఉంటుందా? నేను చెప్పినప్పుడు అమ్మ మూడు రోజులు అన్నం తినలేదు. ఉపవాసం అంది. నాకు అది శిక్షలా అనిపించింది. ఇప్పటికి ఎనిమిదేళ్లు, ఫోన్ చేస్తే మొదటి ప్రశ్న "ప్రార్థన చేసుకుంటున్నావా" అనే. నేను తిన్నానా లేదా అన్నది రెండో ప్రశ్న. అది తిరగబడితే చాలు నాకు.

సువార్త_బాట
ఆ తల్లి కన్నీళ్లు వృథా పోవు.

నిజం_చెప్పాలంటే
ఆ మాట కాకుండా ఇంకేమైనా చెప్పండి బ్రదర్.

చిట్టిరోజా
నాకు అన్నిటికన్నా పెద్దది భయం. ఎత్తబడటం గురించి, అంటే ప్రభువు వచ్చి విశ్వాసులను ఒక్కసారిగా తీసుకెళ్లిపోవడం గురించి, మా సంఘంలో విపరీతంగా చెప్పేవారు. మూడో తరగతిలో బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో ఎవరూ లేరు, స్టవ్ మీద పప్పు ఉడుకుతోంది, తలుపులన్నీ తీసే ఉన్నాయి. ప్రభువు వచ్చేశాడు, అందరూ వెళ్లిపోయారు, నేను మొన్న చెల్లి పెన్సిల్ దాచాను కాబట్టి మిగిలిపోయాను అనుకున్నా. గోడకు చేరగిలపడి ఏడుస్తుంటే అమ్మ బిందెతో వచ్చింది, వీధిలో నీళ్ల ట్యాంకర్ వచ్చిందట. ఇప్పుడు ఇంట్లో చెప్పుకుని అందరం నవ్వుతాం. నాకు 29 ఏళ్లు, ఇప్పటికీ ఇంటికొస్తే తాళం లేకుండా లోపల ఎవరూ కనబడకపోతే కడుపులో ఏదో జారుతుంది. దేవుణ్ణి ప్రేమించడం నాకు చాలా ఆలస్యంగా వచ్చింది, ముందు భయం వచ్చి కూర్చుంది.

ఇంకోటి ప్రసాదం. నా స్నేహితురాలి అమ్మమ్మ చేతిలో పెడితే, ఎనిమిదేళ్ల పిల్లని, మేం తినం అని వెనక్కిచ్చేశా. ఆవిడ ముఖం ఇప్పటికీ మర్చిపోలేను. తినాలా వద్దా అన్నది వేరే సంగతి, బైబిల్లో పౌలు కూడా దాని మీద చాలా రాశాడు. కానీ ఒక పెద్దావిడకు మర్యాదగా ఎలా చెప్పాలో మాకు ఎవరూ నేర్పలేదు, వద్దనడం మాత్రమే నేర్పారు.

లూథరన్_బిడ్డ
మూడోతరం బాప్తిస్మం గురించి రాశాడు కదా. మా లూథరన్ల వైపు నెలల పిల్లలప్పుడే ఇచ్చేస్తారు, తర్వాత పెద్దయ్యాక ఆ విశ్వాసాన్ని మన నోటితో ఒప్పుకునే కన్ఫర్మేషన్. అందుకే నాకు తెలిసి తీసుకున్నానా లేదా అన్న బాధ నాకు లేదు. ఆయన ముందు నన్ను పట్టుకున్నాడు, నేను తర్వాత తెలుసుకున్నాను, అంతే. మా గుంటూరులో లూథరన్ మిషనరీ హేయర్ దొర 1842లో వచ్చిన దగ్గర్నుంచి ఎన్ని తరాలు ఇలాగే పెరిగాయి!

సువార్త_బాట
వాక్యంలో నమ్మి బాప్తిస్మం పొందినవాడు అని ఉంది. ముందు నమ్మాలి.

లూథరన్_బిడ్డ
చెరసాల అధికారి ఇంటివాళ్లందరితో పొందాడు అని కూడా ఉంది. ఆ ఇంట్లో చంటిపిల్లలు లేరని మీకెలా తెలుసు?

అనపర్తి_అక్క
ఇది మొదలైందంటే తెల్లారిపోతుంది. పిల్లాడి ప్రశ్న పక్కకు పోతోంది, ఆపండిద్దరూ.

ఉషోదయం
మీ అందరి పోస్టులూ చదువుతుంటే నాకు కొంచెం కోపం, కొంచెం అసూయ. నేను హిందూ కుటుంబం నుంచి వచ్చాను. మా అన్నయ్య పెళ్లికి నన్ను పిలవలేదు. క్రిస్మస్ రోజు ఒక్కదాన్నే హాస్టల్లో కూర్చుని బ్రెడ్డు తిన్న ఏడాది ఉంది. రాత్రి నాన్న పక్కన చాప మీద కూర్చుని ప్రార్థించే ఇల్లు మీకు ఉంది. అది బరువంటున్నారు. నేను దాని కోసం ఏమైనా ఇస్తాను.

మూడోతరం
అక్కా, నిజమే. మీలాంటివాళ్ల సాక్ష్యం విన్నప్పుడల్లా నాకు సిగ్గేస్తుంది. లూకా 15లో తప్పిపోయిన కొడుకు కథలోని పెద్ద కొడుకు గుర్తొస్తాడు. చిన్నవాడు తిరిగొస్తే విందు, వీడు పొలంలోంచి వచ్చి ఇంటి బయట నిలబడి ఉంటాడు. నేను దూరదేశం వెళ్లలేదు కాబట్టి నన్ను ఎవరూ ఎదురు పరుగెత్తి వాటేసుకోరు. చిన్నప్పట్నుంచీ ఆ పెద్దవాణ్ణి చెడ్డవాడిగా చెబుతుంటే లోపల ఎక్కడో నొప్పిగా ఉండేది.

టీచరమ్మ_31
తండ్రి వాడి కోసం కూడా బయటికొచ్చాడు బాబూ. విందు వదిలేసి వచ్చి బతిమాలుకున్నాడు.

ఉషోదయం
ఆ మాట నేను గమనించలేదు. కోపంగా రాసినందుకు ఏమీ అనుకోకండి.

ఒంగోలు_మనవడు
మనవళ్లు ఉండరన్నారు కాబట్టి ఈ పేరుతోనే రాస్తున్నా. మా ముత్తాత తండ్రి 1878 జూలై 3న గుండ్లకమ్మలో దిగాడని మా ఇంట్లో చెప్పుకుంటారు. ఆ ఒక్కరోజే వెల్లంపల్లి దగ్గర 2222 మందికి బాప్తిస్మాలు ఇచ్చారు. అంతకుముందు ఘోరమైన కరువు. ఒంగోలు బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో ముక్క తవ్వించే పని కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించాడు. కానీ కూటి కోసం వచ్చారన్న మాట రాకూడదని ఆ పనులు నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. అయినా జనం ఆగలేదు. ఆ రోజు దిగినవాళ్లలో ఎక్కువమంది మాదిగలు. ఊరు తమను మనుషులుగా చూడని రోజుల్లో దిగారు.

నేను చెప్పేదేమిటంటే, ఆయనకు ఏది వదిలి దేనిలోకి దిగుతున్నాడో తెలుసు. అయిదో తరంలో నాకు అది ఆస్తిలా వచ్చింది. జనవరి ఒకటిన వాగ్దానం కార్డు (ఆ ఏడాదికి ఒక బైబిల్ వాక్యం రాసిన కార్డు) తీసుకోవడం, గుడ్ ఫ్రైడే ఉపవాసం, సమాధుల పండక్కి కొవ్వొత్తులు. దేనికీ నేను ఖరీదు కట్టలేదు. ఖరీదు కట్టని దానిని నాది అనడం ఎలా? ఇదీ నా బాధ, మూడోతరానిది కూడా ఇదే అనుకుంటా.

రెండుపేర్లు
ఒంగోలు అన్నా, మేం ఖరీదు కడుతూనే ఉన్నాం, ఎవరికీ చెప్పుకోలేని రకంగా. గుడిలో నా పేరు దానియేలు. బడిలో ఇంకో పేరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం ఎస్సీ హోదా ముందు హిందువులకే, తర్వాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు, క్రైస్తవులకు లేదు. మతం మారిన ఎస్సీలు మన దగ్గర బీసీ-సీ కిందికి వస్తారు, ఒక్క శాతం. ఆరో తరగతిలో చేర్చేటప్పుడు నాన్న దారిలో సైకిల్ ఆపి, బడిలో అడిగితే ఇలా చెప్పు అన్నాడు. ముందు ఆదివారమే సండే స్కూల్లో దానియేలు పాఠం. కిటికీలు తెరిచి అందరికీ కనబడేలా ప్రార్థించాడని. నా పేరే కదా అని ఎంత గర్వపడ్డానో. "అబద్ధం కాదా నాన్నా" అని అడిగా. నాన్న జవాబు చెప్పలేదు, సైకిల్ తొక్కుతూనే ఉన్నాడు, వెనక కూర్చున్న నాకు ఆయన వీపే కనబడింది.

ఆ ఎస్సీ కాగితం వల్లే నాకు సీటు వచ్చింది, అక్కకు స్కాలర్‌షిప్ వచ్చింది. నాన్నను తప్పు పట్టను. బాప్తిస్మం నీళ్లలో మా కులం కొట్టుకుపోలేదు, మా వాడ ఊళ్లో ఎక్కడుందో అక్కడే ఉంది. కానీ ప్రార్థనకు మోకరించినప్పుడల్లా, నేను ఏ పేరుతో మాట్లాడుతున్నాను అన్న ప్రశ్న వస్తుంది.

సువార్త_బాట
బాధగానే ఉంది తమ్ముడూ, కానీ విశ్వాసి దేవుని మీద ఆధారపడాలి, కాగితాల మీద కాదు.

పాస్టరుగారబ్బాయి
అన్నా, మీ నేపథ్యం నేను అడగను. ఆ మాట అనగలిగే స్థితి అందరికీ ఉండదు. సైకిల్ తొక్కిన ఆ నాన్న స్థానంలో ఒకసారి కూర్చుని మళ్లీ చదవండి.

వలసపక్షి
నేను డల్లాస్‌లో ఉంటాను, తండ్రి వైపు నుంచి అడుగుతున్నా. మా తెలుగు సంఘంలో పాటలు తెలుగులో, పిల్లలకు తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లో రాసి వేస్తాం. మా అమ్మాయికి పదమూడు. మొన్న కుటుంబ ప్రార్థనకు పిలిస్తే, "నాన్నా, మీరు దేవుడితో మాట్లాడుతున్నారా, నాకు వినిపించడానికి మాట్లాడుతున్నారా" అంది. నిజంగానే ఆ రోజు ప్రార్థనలో తన మార్కుల గురించి, ఫోన్ గురించి రెండు మాటలు కలిపాను. ఇదంతా చదివాక భయం పట్టుకుంది. మీ అమ్మానాన్నలు ఏం చేసి ఉంటే బావుండేదో చెప్పండి, నాకింకా టైం ఉంది.

చిట్టిరోజా
వాళ్లకు కూడా సందేహాలు వస్తాయని ఒక్కసారి చెప్పి ఉంటే చాలు.

నిజం_చెప్పాలంటే
ముందు తిన్నావా అని అడగండి.

పాస్టరుగారబ్బాయి
మీ అమ్మాయి అడిగిన ప్రశ్న చాలా మంచిది అంకుల్. దానికి కోప్పడలేదు కదా?

వలసపక్షి
కోప్పడ్డాను. ఇవాళ వెళ్లి మాట్లాడతా.

సువార్త_బాట
రెండు రోజులుగా ఏమీ రాయలేదు. రెండుపేర్లు తమ్ముడి పోస్టు చాలాసార్లు చదివాను. మా నాన్నది కాలేజీ లెక్చరర్ ఉద్యోగం, నాకు ఏ కాగితం అవసరం రాలేదు. తొందరపడి మాట్లాడాను, క్షమించు తమ్ముడూ. నా ఇంట్లో కూడా ఒకడున్నాడు, పంతొమ్మిదేళ్లు, ఆదివారం గది తలుపు తియ్యడు. వాడితో అనలేని మాటలన్నీ ఇక్కడ మీకు చెబుతున్నానేమో.

రెండుపేర్లు
పర్లేదన్నా. మీ అబ్బాయి కోసం ఈ రాత్రి ప్రార్థిస్తాను. ఏదో ఒక పేరుతో.

మూడోతరం
శని, ఆదివారాలు ఇంటికి వెళ్లొచ్చాను. శనివారం రాత్రి నాన్న ప్రార్థించమంటే, "ఈ రోజు నావల్ల కాదు నాన్నా, మీరు చేయండి" అన్నాను. మా ఇంట్లో ఇలా ఎవరూ ఎప్పుడూ అనలేదు. కాసేపు ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. నాన్న పరలోక ప్రార్థన ఒక్కటి చెప్పి ముగించేశారు. అమ్మ అన్నం పెట్టేటప్పుడు నా ముఖం చూడలేదు.

తెల్లారి నానమ్మ అరుగు మీదికి పిలిచింది. ఆవిడ పుట్టిల్లు దివిసీమ. 1977 నవంబరు ఉప్పెనలో వాళ్లమ్మ, ఇద్దరు తమ్ముళ్లు పోయారు, అంతవరకూ మాకందరికీ తెలుసు. తెలియనిది ఏమిటంటే, ఆ తర్వాత ఏడాది పైన ఆవిడ ప్రార్థించలేదట. ప్రతి ఆదివారం తెల్ల చీర కట్టుకుని గుడికి వెళ్లేది, ఆడవాళ్ల వైపు రెండో వరసలో కూర్చునేది, పాట పాడేది కాదు, కళ్లు మూసుకునేది కాదు. తాతయ్య సంఘ పెద్ద కాబట్టి ఎవరికీ చెప్పలేదు. నాకే మొదట చెబుతున్నానంది. మళ్లీ ఎప్పుడు వచ్చింది నానమ్మా అని అడిగాను. "అంతా తిరిగి రాలేదురా. వచ్చినకాడికి పట్టుకుని ఉన్నా" అంది. ఇంకేమీ చెప్పలేదు, చిక్కుళ్లు ఈనెలు తీసుకుంటూ కూర్చుంది. నేను కూడా ఒక గుప్పెడు తీసుకుని పక్కనే కూర్చున్నా. గంటసేపు. ఇంట్లోంచి అమ్మ రెండుసార్లు తొంగి చూసింది.

లీడర్ అన్నకు ఫోన్ చేసి వచ్చే నెల చెప్పలేనన్నాను. ఎందుకని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన చాలాసేపు ఆగి, "నాది కూడా అలాంటి ఇల్లే, ఆదివారం కూడిక అయ్యాక టీ తాగుదాం రా" అన్నారు.

టీచరమ్మ_31
మీ నానమ్మ రెండో వరసలో కూర్చున్న ఆ ఏడాదంతా ఆవిడ పక్కన ఎవరు కూర్చున్నారో అడుగు బాబూ. నాకు తెలుసుకోవాలని ఉంది.

మూడోతరం
అడిగి రాస్తానమ్మా. ఈ రాత్రి ఫోన్ చేస్తా.